అమ్మమ్మ దొడ్డి, నాగమల్లి, ఊడ్పుల కాలం తామర

ధవళేశ్వరం దగ్గర కాలవలకి నీళ్ళొదిలారంటే మా అమ్మమ్మకి పని మొదలైనట్టే. జూన్‌లో నీళ్ళొస్తాయి, నారుమళ్ళు పోస్తారు, ఆషాఢ శ్రావణాల్లో సార్వా ఊడ్పులు, ఆ రెండు నెలలూ మా కోనసీమ ఆడవాళ్ళ కాళ్ళు నీళ్ళలోంచి బయటికి రావు. పొద్దున్నే చేలో దిగితే సాయంత్రం దాకా వంగే ఉండాలి, పైన వాన, కింద బురద, నడుం దగ్గర ఎగదోపుకున్న తడి చీర. ఊడ్పులు మొదలై కొన్నాళ్ళు గడిచేసరికి ఒక్కొక్కరే మా ఇంటికి వచ్చేవాళ్ళు, వీధి గుమ్మంలోంచి కాదు, దొడ్డి వైపు తడిక తీసుకుని, చీకటి పడుతుండగా.

1980ల చివరి మాట ఇది. మా నాన్న ఉద్యోగం ఊళ్ళు తిరిగేది కావడంతో నన్ను హైస్కూలు అయ్యేదాకా అమ్మమ్మ దగ్గరే ఉంచారు. అమ్మమ్మ వైద్యురాలేం కాదు. వయసులో ఉన్నప్పుడు ఆవిడ కూడా ఊడ్పులకి, కోతలకి వెళ్ళిన మనిషే. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు ఆకులు తెలుసు, అంతే. కానీ ఆ నాలుగు ఆకులూ ఎంత జాగ్రత్తగా వాడేదో తల్చుకుంటే, ఫార్మసీ చదువుకుని ఇన్నేళ్ళు మందుల మధ్య పనిచేసిన నాకు ఇప్పటికీ ఆవిడ మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

చెప్పుకోలేని చోట్ల వచ్చే జబ్బు తామర. పావడా బొందు బిగిసే చోట నడుం చుట్టూ, గజ్జల్లో, రొమ్ముల కింద. గుండ్రంగా ఎర్రటి అంచుతో మొదలవుతుంది, నడిమధ్య మానినట్టే ఉంటుంది, అంచు మాత్రం రోజురోజుకీ పాకుతుంది. రాత్రి పడుకుంటే ప్రాణం తీసే దురద. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన మగాయన, ఆయనకి చూపించడం కంటే గోక్కుంటూ పడుండటమే నయం అనుకునేవాళ్ళు. మొగుడికి చెబితే అనుమానం, అత్తకి చెబితే "ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావే" అని రచ్చ. అందుకే చీకట్లో మా దొడ్లోకి వచ్చి, అరుగు మీద కూచుని, ముందు వానల గురించీ కూలి రేట్ల గురించీ మాట్లాడి, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి తలొంచుకునేవాళ్ళు. "ఏటే, నా దగ్గర కూడా సిగ్గేనా, రా లోపలికి" అని అమ్మమ్మ గొడ్ల సావిడి పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసేది. లాంతరు పట్టుకోవడం నా పని. నన్ను బయటికి పొమ్మనేది కాదు. ఆడపిల్లకి తెలియాలి అనేది.

ముందు చూసేది. మందు సంగతి తర్వాత. గజ్జి వేరు, తామర వేరు, శోభి వేరు అని ఆవిడకి ఖచ్చితంగా తెలుసు. చేతివేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న పొక్కులొచ్చి రాత్రిళ్ళు ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి, దానికి కానుగ నూనెలో గంధకం కలిపి ఇల్లంతా ఒకేసారి పూసుకోవాలి. వీపు మీదా మెడ మీదా తెల్లటి పొడల్లాంటి మచ్చలొచ్చి గీరితే సన్నటి పొట్టు రాలితే అది శోభి, దానికి పెద్దగా కంగారు పడక్కర్లేదు. ఇక మూడోది, దురద లేని మచ్చ. పాలిపోయిన మచ్చ ఉండి దురద లేదూ అంటే అమ్మమ్మ మొహం మారిపోయేది. కోడి ఈక తెచ్చి, ఆ మనిషిని కళ్ళు మూసుకోమని, మచ్చ మీదా పక్కనా మెల్లగా రాసి "ఇప్పుడు తగిలిందా, ఇప్పుడో" అని అడిగేది. స్పర్శ తెలియడం లేదంటే ఇక ఆకు ముట్టుకునేది కాదు. "దీనికి నా దగ్గర మందు లేదమ్మా, రామచంద్రపురం పెద్దాసుపత్రికి వెళ్ళాలి, వెళితే నయమైపోద్ది, నేనూ వస్తాను" అనేది. అన్నట్టే ఒకావిడని బస్సులో తీసుకెళ్ళింది కూడా. కుష్టు పేరు ఎత్తితే ఊళ్ళో బతకనివ్వని రోజులు, అప్పటికి మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చేసింది కాబట్టి తొందరగా చూపించుకున్నవాళ్ళు చక్కగా బాగుపడేవాళ్ళు. ఆవిడ మళ్ళీ ఊడ్పులకి వచ్చింది. ఆవిడ ఎవరో ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

తామరే అని తేలితే నాగమల్లి. బావి పక్కన, స్నానాల నీళ్ళు పారే చోట రెండు మూడు దుబ్బులుండేవి. నడుమెత్తు మొక్క, మామూలుగా చూస్తే ఎవరి కంటికీ ఆనదు, పూసినప్పుడు మాత్రం రెక్కలు విప్పిన చిన్న కొంగల్లాగా తెల్లటి పూలు నిలబడి ఉంటాయి. ముదురాకులు గుప్పెడు, ఓ పక్క నుంచి తీసిన వేరు ముక్క, కల్వంలో వేసి నిమ్మకాయ రసం పిండుతూ మెత్తగా నూరాలి. ఆ కల్వం ఇంకో పనికి వాడనిచ్చేది కాదు. నూరే పని నాదే అయ్యేది తరచూ, నిమ్మ పులుపు వాసనలో ఆ ఆకు పసరు వాసన కలిసి గదంతా పట్టేసేది, నా వేళ్ళు రెండు రోజుల దాకా అదే వాసన వేసేవి. పూయడానికి ముందు కుంకుడు రసంతో కడిగి, ఉతికి ఆరేసిన పాత పంచె ముక్కతో చెమ్మ లేకుండా అద్దాలి. తర్వాత మచ్చ మీద మాత్రమే కాదు, అంచు దాటి చుట్టూ రెండు వేళ్ళ మేర పూయాలి. "పురుగు అంచు మీదుంటుంది, నడిమధ్య పూసి ఏం లాభం" అనేది అమ్మమ్మ. పురుగు అన్న మాట ఒక్కటీ వదిలేస్తే చర్మ డాక్టర్లు ఇవాళ చెప్పేదీ అదే, తామర తెచ్చే బూజు (ఫంగస్) బతికి పాకేది ఆ ఎర్రటి అంచులోనే, మందు అంచు దాటి పూయాలి.

రాత్రి పూట మాత్రమే పూసేది. పొద్దున్న కడిగేసుకోకుండా ఎండలోకి వెళ్ళొద్దని మరీ మరీ చెప్పేది. ఎందుకని అప్పుడు నాకు అర్థం కాలేదు. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలి నల్లటి మచ్చలు పడతాయి, నెలల తరబడి పోవు, నిమ్మజాతి పండ్లలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు చేసే పని అది. అమ్మమ్మకి ఆ పేరు తెలియదు, ఎవరి తొడ మీదో చూసి ఉంటుంది. ఇంకోటి, మానిపోయిందని సంబరంగా చెప్పడానికి వచ్చినవాళ్ళకి "ఇంకో పక్షం పూయి" అని మళ్ళీ ముద్ద చేతిలో పెట్టేది. పైకి కనబడకపోయినా లోపల మిగిలే ఉంటుందట. ఇవాళ చాలా తామర క్రీముల్ని కూడా మచ్చ పోయాక ఇంకో వారం రెండు వారాలు వాడమనే చెబుతారు, సగం మంది వినరు, అందుకే మళ్ళీ వస్తుంది.

నాగమల్లి ఆకు దూసీ దూసీ మొక్క మోడైపోతే తగిరిస ఉండేది. వానలు పడగానే రోడ్ల పక్కన, పుంతల్లో, బడి గోడల వెంట తనంతట తనే మొలిచే మొక్క, సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటుంది, పసుపు పచ్చ పూలు, సన్నటి పొడుగు కాయలు. లేతాకు పప్పులో వేసుకుంటారు, కొన్ని చోట్ల తంటెం అంటారు. దాని గింజల్ని బాగా పులిసిన మజ్జిగలో రాత్రంతా నానబెట్టి నూరి పట్టు వేసేది. వాసన భరించలేం, కానీ పొక్కులు కట్టి గట్టిపడిన పాత తామరకి అదే బాగా పనిచేసేదని ఆవిడ నమ్మకం. కాలవ గట్టు మీద మెట్టతామర కూడా ఉండేది, సీమ అవిసె అనీ అంటారు, వెడల్పాటి ఆకులు, నిలువుగా కొవ్వొత్తులు వెలిగించినట్టు పసుపు పూల గుత్తులు. ఇది మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయింది. ఫిలిప్పీన్స్‌లో అయితే వాళ్ళ ఆరోగ్య శాఖే జనం వాడుకోవాలని ప్రోత్సహించిన పది మందు మొక్కల్లో ఇదొకటి, తామరకే, సబ్బులు కూడా చేసి అమ్ముతారు.

కాలి వేళ్ళ సందులకి మాత్రం ఇవేవీ కాదు. నీళ్ళకి నాని తెల్లగా పాలిపోయి, ఒరిసిపోయి, అడుగు తీసి అడుగేస్తే మంట. అక్కడ నూనె చుక్క తగలనిచ్చేది కాదు, తడిగా ఉన్నదాన్ని ఆరబెట్టాలి, పొడిగా ఉన్నదానికే నూనె అనేది. దానికి గోరింటాకు. ఆషాఢంలో ఆడవాళ్ళంతా గోరింటాకు పెట్టుకోవాలన్న ఆచారాన్ని మా ఊళ్ళో అందం కోసం కంటే ఊడ్పుల కోసమే ఎక్కువ పాటించేవాళ్ళనిపిస్తుంది నాకు. రుబ్బురోట్లో గోరింటాకు, చింతపండు, వక్క ముక్క వేసి రుబ్బి, మాకు అరచేతుల్లో చందమామలు పెడితే, చేలో దిగే ఆడవాళ్ళు మాత్రం కాళ్ళు చాపుకుని వేళ్ళ సందుల్లో, గోళ్ళ మొదట్లో దట్టంగా కూరుకునేవాళ్ళు. తెల్లారి లేచేసరికి పాదాల అంచులన్నీ ఎర్రగా పండి ఉండేవి. ఆ ఎరుపునిచ్చే లాసోన్ చర్మం పై పొరలోని కెరటిన్‌ని పట్టుకుని ఉండిపోతుంది, సరిగ్గా బూజు తినేది కూడా ఆ కెరటిన్‌నే. బూజుని అణిచే గుణం దానికి ఉందని ప్రయోగశాలల్లోనూ చూశారు. నాగమల్లిలో ఉండే రైనకాంథిన్లు కూడా లాసోన్ కుటుంబానికి చెందినవే అని చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. మా దొడ్లో చెరో మూలనున్న రెండు మొక్కలు అవి.

బీఫార్మసీలో మొక్కల మందుల ప్రాక్టికల్స్ ఉండేవి. ఓ రోజు సునాముఖి ఆకు పొడికి పరీక్ష చేయించారు, ఆంత్రక్వినోన్లనే పదార్థాలు ఉన్నాయో లేదో చూసే పరీక్ష, పొడిని ఆమ్లంలో మరిగించి, వడకట్టి, క్లోరోఫాం పోసి ఊపి, కింద తేరిన పొరని తీసి దానికి అమ్మోనియా కలిపితే గులాబి రంగు రావాలి. వచ్చింది. రికార్డు రాసుకుని ఊరుకోవచ్చు, కానీ సెలవులకి ఊరెళ్ళొచ్చినప్పుడు పొట్లం కట్టుకొచ్చిన తగిరిస గింజలు నా గదిలో ఉన్నాయి, మేడం దగ్గర అనుమతి తీసుకుని వాటికీ చేశాను. టెస్ట్‌ట్యూబు పైభాగం మెల్లగా గులాబి రంగు తిరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. తగిరిస గింజల్లో ఉండే క్రైసోఫనాల్ ఆ ఆంత్రక్వినోన్ల జాతిదే. పులిసిన మజ్జిగ ఎందుకో కూడా ఆ ఏడే తెలిసింది. పాతకాలం నుంచీ తామరకి వాడే విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ ఉంది, 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం సాలిసిలిక్ ఆమ్లం. మొదటిది బూజుని ఆపుతుంది, రెండోది పై చర్మాన్ని మెత్తబరిచి పొట్టుగా రాల్చేస్తుంది, బూజు ఉండేది ఆ పైపొరలోనే కాబట్టి పొట్టుతో పాటు అదీ పోతుంది. మజ్జిగ పులుపు, నిమ్మ పులుపు కొంతవరకైనా చేసేది ఆ రెండో పనే అయి ఉండాలి.

అయితే ఆకు ఒక్కటే చాలదని అమ్మమ్మకి అందరికంటే బాగా తెలుసు. అసలు గొప్పదనం ఆవిడ దండెంలో ఉందని నేనంటాను. అప్పట్లో ఆడవాళ్ళు లోపలి బట్టలు, పావడాలు పదిమందీ చూసేలా ఆరేసుకునే వీల్లేదు. చీకటి గదిలోనో, చీర కిందో, వసారా మూలనో ఆరేసేవాళ్ళు. వానాకాలంలో అవి ఆరేవే కావు, ఆ చెమ్మ బట్టే మళ్ళీ పొద్దున్న కట్టుకుని చేలోకి. ఇక తామర ఎలా పోతుంది? అమ్మమ్మ దొడ్లో మగవాళ్ళు రాని వైపు, చుట్టూ కొబ్బరాకు తడిక కట్టించి, మీద ఆకాశం మాత్రం కనబడేలా ఓ దండెం వేయించింది. మందుకి వచ్చిన ప్రతివాళ్ళకీ షరతు ఒకటే. పావడాలు తెచ్చి మా బాన పొయ్యి మీద చాకలి సోడా వేసి ఉడకబెట్టుకోవాలి, తిరగేసి ఆ దండెం మీద ఎండలో ఆరేయాలి, ఆరినదే కట్టుకోవాలి. బొందు ఓ చోటే బిగించకుండా రోజూ కాస్త పైకీ కిందికీ మార్చి కట్టుకోమనేది. ఎండ కాసిన రోజున ఆ దండెం మీద ఖాళీ ఉండేది కాదు. తాతయ్య ఓసారి అది తీయించి అక్కడ గడ్డిమేటు వేయిద్దామన్నాడు, అమ్మమ్మ ఒప్పుకోలేదు, తాతయ్య మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కొన్నిటికి కోప్పడేది. జీడిపిక్క రసం, జిల్లేడు పాలు, పచ్చి వెల్లుల్లి నూరి కట్టడం, ఇవన్నీ ఊళ్ళో చేసేవాళ్ళు. మా వైపు జీడిపప్పు పని ఎక్కువ, పిక్కల నూనె సులువుగా దొరికేది. ఒకావిడ తొడ మీద రాసుకుని బొబ్బలెక్కి చర్మం ఊడొచ్చాక మా ఇంటికొస్తే అమ్మమ్మ కొబ్బరి నూనె కూడా రాయకుండా, శుభ్రమైన గుడ్డ కప్పి అమలాపురం పంపించింది. గోరు పుచ్చి పెళుసై పసుపు రంగు తిరిగితే తన వల్ల కాదనేది. పిల్లల తల్లో గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు రాలితే కూడా అంతే. నిజమే, గోట్లోకీ వెంట్రుక మొదట్లోకీ పైపూతలు సరిగ్గా దిగవు, కడుపులోకి మాత్రలు పడాలి. మా మావయ్య కొడుకుకి తల్లో తామరొస్తే అమలాపురం డాక్టరు గ్రైసియోఫుల్విన్ మాత్రలు రాసి, పాలూ వెన్నా తిన్న తర్వాత వేయమన్నాడు, కొవ్వుతో పాటైతేనే ఒంటికి పడుతుందని. అమ్మమ్మకి ఆ డాక్టరు బాగా నచ్చాడు. పథ్యం చెప్పే డాక్టరు మంచి డాక్టరు అంది.

నాగమల్లి పూసినా, బట్టలు ఉడకబెట్టినా, తగ్గి తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చే పెద్దవాళ్ళుంటే "నీకు దాహం ఎక్కువగా ఉంటోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావ్" అని అడిగేది. వరసకి మా పెద్దమ్మ ఒకావిడకి సుగర్ ఉందని అలాగే బయటపడింది.

అమ్మమ్మ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మా చేలల్లో సగం రొయ్యల చెరువులు, ఊడ్పులకి బయటి ఊళ్ళ నుంచి ముఠాలొస్తాయి, కొందరు వెదజల్లుతున్నారు. కాళ్ళు నీళ్ళలో ఉండే మనుషులు మాత్రం ఉన్నారు, చెరువుల మీద పనిచేసేవాళ్ళు. వాళ్ళలో కొందరు నాగమల్లి దుబ్బు ఇప్పుడు మా పిన్ని ఇంట్లో ఉందని తెలిసి వస్తారు. కానీ ఇప్పుడొచ్చే తామర ఆ రోజుల్లోది కాదు. పిన్ని ఫోటోలు పంపిస్తుంటుంది నాకు వాట్సాప్‌లో, తొడలంతా పాకి, అంచు చెదిరిపోయి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియకుండా, చర్మం పల్చబడి చారలు పడి. చూడగానే అడుగుతాను, ఏ ట్యూబు రాశారు అని. దానికీ ఫోటో వస్తుంది. చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చిన కలగలుపు క్రీము, అందులో క్లోబెటసాలో బీటామెథసోనో ఉంటుంది. అది స్టెరాయిడ్, రెండ్రోజుల్లో దురద పోగొడుతుంది, మనిషికి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, ఈలోపు బూజుని అడ్డుకోవాల్సిన ఒంటి శక్తిని పడుకోబెడుతుంది. మానేయగానే రెట్టింపై లేస్తుంది. దీనికి తోడు మొండి రకం బూజు ఒకటి మన దేశంలో బాగా పాకింది, 2020లో జపాన్ పరిశోధకులు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు, మామూలుగా వాడే టెర్బినాఫిన్‌కి చాలాసార్లు లొంగదు. దాని మీద నాగమల్లి ముద్ద పెట్టి కూచోమని నేను చెప్పలేను. పిన్నికీ అదే చెప్పాను, ట్యూబు రాసినవాళ్ళకి ఆకు ఇవ్వకు, చర్మం డాక్టరు దగ్గరికి పంపు అని.

అందుకే ఇప్పుడు పిన్ని పద్ధతి ఇలా ఉంది. వచ్చినవాళ్ళని ముందు ట్యూబు చూపించమంటుంది. చిన్న మచ్చ, కొత్తది, ఏమీ రాయనిది అయితే ఆకు నూరి ఇస్తుంది, కొంచెం చోట పూసి ఓ పూట చూడమంటుంది, మంట పుడితే మానేయమంటుంది. మొహం మీదా, పసిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ ఇవ్వదు. పెద్దది, పాతది, ట్యూబులు పడ్డది అయితే అమలాపురం బస్సెక్కిస్తుంది, వెళ్ళలేమన్నవాళ్ళకి నా నంబరిచ్చి మాట్లాడమంటుంది. ఎవరొచ్చినా, ఆకిచ్చినా ఇవ్వకపోయినా, బట్టలు ఉడకబెట్టుకుని ఎండలో తిరగేసి ఆరేసుకోమని మాత్రం చెబుతుంది. వాళ్ళ డాబా మీద దండెం చుట్టూ పాత చీరలు అడ్డం కట్టి ఉంచింది, ఇంట్లో చోటు లేనివాళ్ళు అక్కడికి తెచ్చుకుంటారు.